వంటామెకు చెప్పు

మేస్త్రీ పోయాడని లచ్చవ్వ వచ్చి చెప్పేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. కడగడం ఆపలేదు.

"ఇన్నవా? లింబాయత్‌ల కొడుకింట్లనే పానం ఇడిసిండట," అంది మళ్ళీ, నాకు వినబడలేదేమోనని.

"ఇన్న," అన్నాను. నీళ్ళు వంచి, ఇంకోసారి కడిగి, బియ్యం ఎసట్లో వేశాను. సూరత్ పక్క సచిన్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్ళు పాళీ దిగి తిండికి వచ్చే వేళకు అన్నం ఉడకాలి. ఎవరు పోయినా ఆకలి ఆగదు కదా.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఆ పూట నుంచి మా మెస్సులో మేస్త్రీ కళ్ళు వడ్డన వడ్డనకూ పెద్దవవుతూ వచ్చాయి. ఎంత భక్తిపరుడు, ఎంత పనిమంతుడు, మిషన్ మీద చెయ్యి వేస్తే చాలు అదే మాట వినేదట. పళ్ళెంలో పప్పు కలుపుకుంటూ ఒకడు, మజ్జిగ పోసుకుంటూ ఇంకొకడు. నేను వడ్డిస్తూ అన్నీ విన్నాను. వాళ్ళు చెప్పే మనిషి నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి వేరే ఉన్నాడు, అతని గురించే చెబుతాను.

అతను నాతో ఏనాడూ నేరుగా మాట్లాడలేదు. నా ముందు నిలబడి, నా ముఖం మీదుగా ఎక్కడో చూస్తూ, పక్కనున్న వాళ్ళతో అనేవాడు: "వంటామెకు చెప్పు, చారుల ఉప్పెక్కువైంది." పక్కన ఎక్కువసార్లు గిన్నెలు తోమే లచ్చవ్వే ఉండేది. ఆమె నా వైపు తిరిగి, "చారుల ఉప్పెక్కువైందట," అనేది. ముగ్గురం మూరెడు దూరంలోనే ఉండేవాళ్ళం. లచ్చవ్వ లేకపోతే గోడకు చెప్పేవాడు. ఒకసారి పిల్లికి చెప్పాడు. నాకొక పేరుందని అతనికి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఎప్పుడూ "మామా" అని పిలిచి, ముఖం చూసే మాట్లాడాను.

సిరిసిల్ల పక్క ఊరినుంచి చిన్నప్పుడే సూరత్ వచ్చినవాడు. చెడిపోయిన సాంచెలు బాగుచేసే జాబర్‌గా చేసి చేసి, ఆ చప్పుడుకు చెవులు మందగించాక ఈ మెస్సు పెట్టాడు. మగ్గాల షెడ్డులో మాట వినబడదు కాబట్టి అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. అతనికి ఆ అలవాటు పోలేదు. రెండు వేళ్ళు అరచేతిలో కొడితే పప్పు పలచగా ఉందని. బొటనవేలు చెవి దగ్గర తిప్పితే ఎవడో తెలివి తక్కువ పని చేశాడని. ఆ బొటనవేలు నా వైపు తిరిగినన్నిసార్లు ఇంకెవరి వైపూ తిరగలేదు. నడుముకు ఎప్పుడూ బోల్టులు విప్పే పానా ఒకటి ఉండేది, పెళ్ళికి వెళ్ళినా సరే. చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊది, చప్పుడు చేస్తూ తాగి, "సాంచెకు నోరుంటది, ఇనేటోనికి చెవుండాలె," అనేవాడు. ఈ మాట అనేవాడికి చెవులు లేవు. అది చూసి నవ్వే ధైర్యం మాకు లేదు.

తప్పు అతని దగ్గరికి వచ్చేది కాదు. వస్తే పక్కవాడి దగ్గరికి దారి చూపించేవాడు. అన్నం మాడితే వంటామె, బియ్యంలో రాళ్ళుంటే దుకాణంవాడు, వాన కురిసి కప్పు కారితే కప్పు వేసినవాడు. ఆ కప్పు వేసింది తనే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

సిలిండర్లతో వేగలేక పెల్లెట్ భట్టీ కొన్నది కూడా అతనే. రంపపుపొట్టు, వేరుశెనగ పొట్టు, బార్డోలీ వైపునుంచి వచ్చే చెరకు పిప్పి కలిపి వత్తిన గుళికలు, చాక్‌పీసు ముక్కలంత ఉంటాయి. వాటిని పైనున్న డబ్బాలో పోస్తే కింద కుంపట్లోకి జారతాయి. కుంపటి పక్కన వేలంత ఇగ్నైటర్ ఉంటుంది. మేమంతా రాడ్ అనే అంటాం. స్విచ్ వేస్తే రాడ్ ఎర్రగా కాగుతుంది, బ్లోయర్ దాని మీదుగా గాలి ఊదుతుంది, గుళికలు అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు, డీజిల్ గుడ్డ అక్కర్లేదు. ఇది నాకు ఎంత పెద్ద విషయమో వండేవాళ్ళకే తెలుస్తుంది. అంతకుముందు నేను పనిచేసిన చోట పాత భట్టీ ఉండేది. డీజిల్‌లో తడిపిన గుడ్డను కర్రకు చుట్టి, అంటించి, భట్టీ నోట్లోకి చెయ్యి కూడా పోయేంత లోపలికి పెట్టేదాన్ని. కనుబొమ్మలు ఎప్పుడూ సగమే ఉండేవి. రాడ్ ఉన్న భట్టీ వచ్చిన రోజు నాకు పండగ.

పండగ వారం నిలవలేదు. రాడ్ పోయింది. స్విచ్ వేస్తే మెస్సంతా కరెంటు పోయేది. కొత్త రాడ్ తెప్పించాడు. అదీ పోయింది. ఇంకొకటి. అదీ అంతే. "కంపెనోడు మోసం చేసిండు," అన్నాడు ముందు. తరువాత బొటనవేలు చెవి దగ్గర తిరిగింది. "వంటామెకు చెప్పు, మిషిని మీద కోపం చూపిస్తే మిషిని ఊకోదు."

భట్టీ అమ్మిన దుకాణం నుంచి ఒక గుజరాతీ ఫిట్టర్ వచ్చాడు. పోయిన రాడ్‌ను విప్పి, తీగలు వచ్చే చోటు వాసన చూసి, గోటితో గీకి, నాతో అన్నాడు: "బెన్, అందర్ పాణీ గయుఁ ఛే." లోపలికి నీళ్ళు పోయాయట. రాడ్ లోపల పొడి ఉంటుంది, అది నీళ్ళు పీలుస్తుంది, ఉప్పు నీళ్ళయితే మరీ చెడ్డది, ఇక స్విచ్ వేయగానే షార్ట్. భట్టీ మీద నీళ్ళు ఎవరు పోస్తారని అడిగాడు. నేను ఎవరూ పోయరని చెప్పబోయి ఆగిపోయాను.

మా వాళ్ళకు ఒక ఆచారం ఉంది. సాంచెకు నూలు చుట్టిన కొత్త బీము ఎక్కించినా, కొత్త బెల్టు వేసినా, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు దాని ముఖం మీద చల్లి మొదలుపెడతారు. ఇనుప సాంచెకు కొబ్బరినీళ్ళతో ఏమీ కాదు. మేస్త్రీ అదే మర్యాద రాడ్‌కూ చేసేవాడు. భట్టీ ముందు భాగంలో, రాడ్ తీగలు బయటికి వచ్చే బిళ్ళ మీదే కాయ కొట్టి, రెండు చిప్పల నీళ్ళూ అక్కడే వంచేవాడు. రాడ్ పోయేది. కొత్తది వేసేవాళ్ళం. కొత్తది వేశాం కాబట్టి కాయ కొట్టేవాడు. కాయ కొట్టాడు కాబట్టి రాడ్ పోయేది. దేవుడు చూసి నవ్వుకున్నాడో ఏడ్చాడో తెలియదు. డీజిల్ గుడ్డ మాత్రం మళ్ళీ నా చేతికే వచ్చింది.

"మామా," అన్నాను ఆ రోజే, "కాయ గడప మీద కొట్టుండ్రి. మిషిని మీద వద్దు. నీళ్ళు లోపటికి పోతున్నయట."

అతను లచ్చవ్వ వైపు తిరిగాడు. "దేవునికి అడ్డం చెప్పే నోరు గీ మెస్సుల పనికిరాదని వంటామెకు చెప్పు."

"పనికిరాదట," అంది లచ్చవ్వ, నేల చూస్తూ.

మా ఆయన సాంచెల మీద రెక్కలు ముక్కలు చేసుకుంటున్నా ఇల్లు గడవడానికి నా పని కావాలి. ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇప్పటికీ ఆ గుర్తు నా కుడిచేతి మీద ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ, ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు ఉంటుంది.

అది దసరా ముందు రోజు. కొత్త రాడ్ వేసి, కాయ కొట్టి, ఎప్పటిలాగే పోగొట్టాడు. పొద్దున నేను గుడ్డతో అంటించడానికి కూర్చున్నాను. మొదటిసారి అంటుకోలేదు. గుళికలు మంట లేకుండా పొగ మాత్రం పట్టాయి. అలాంటప్పుడు మూత తెరిచి, పొగంతా పోయేదాకా ఆగి, అప్పుడు మళ్ళీ అంటించాలి. మంట నిలబడ్డాకే, గోడ మీద వేరేగా ఉన్న స్విచ్‌తో బ్లోయర్ వేయాలి. నేను మూత తెరిచి పక్కకు కూర్చున్నాను. మేస్త్రీ సాసర్‌తో వచ్చి నిలబడ్డాడు.

"ఇంకెప్పుడు అంటిస్తదట? మనుషులు వచ్చే యాళ్ళైంది."

"పొగ పోనియ్యుండ్రి మామా."

"అంటియ్యమని వంటామెకు చెప్పు."

చెప్పడానికి అక్కడ లచ్చవ్వ తప్ప ఎవరూ లేరు. ఆమె కుళాయి దగ్గర, మా వైపే తిరిగి గిన్నెలు తోముతోంది. ఏమీ అనలేదు. నేను గుడ్డ లోపలికి పెట్టాను. పెట్టిన చెయ్యి ఇంకా లోపలే ఉంది, అతను గోడ మీద స్విచ్ వేశాడు. బ్లోయర్ ఒక్కసారిగా ఊదింది. లోపలున్న పొగంతా మంటై, నా చేతి మీదుగా బయటికి వచ్చింది.

నేను అరిచానో లేదో గుర్తు లేదు. లచ్చవ్వ బకెట్ నీళ్ళలో నా చెయ్యి ముంచడం గుర్తుంది. అతని సాసర్‌లో చాయ్ ఒలకకపోవడం కూడా గుర్తుంది. స్విచ్ ఆపేసి, తిండికి వచ్చి గుమిగూడిన వాళ్ళతో ఆ మాట అతనే మొట్టమొదట అన్నాడు: "గుడ్డకు డీజిల్ ఎక్కువ పట్టిచ్చింది. అగ్గితోని పని జేసేటప్పుడు జర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలె."

నా చెయ్యి నీళ్ళలో ఉంది. నోరు రావట్లేదు. ఆ తరువాత నేను ఎంత చెప్పినా ఆ మొదటి మాటే నిలబడింది. డీజిల్ ఎక్కువ పట్టించింది, అంతే. మా ఆయన కూడా ఒకరోజు, కట్టు మారుస్తూ, "జర తక్కువ తడుపకపోయినవా?" అన్నాడు. లచ్చవ్వను అడిగితే, "నేను గిన్నెలు తోముతున్న, సూడలే బిడ్డా," అంది. ఆమెకు మెస్సు తప్ప దిక్కు లేదు. అది తెలిసీ చాలా రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు.

నాకు అతని నుంచి కావాల్సింది ఒక్క మాట. స్విచ్ నేనే వేసిన. అంతే. క్షమించమని అడగక్కర్లేదు. నలుగురిలో చెప్పక్కర్లేదు. గోడకు చెప్పినా సరే, పిల్లికి చెప్పినా సరే, నేను పక్కన ఉండి వినేదాన్ని.

చెయ్యి మానాక పనిలోకి వచ్చాను. మేస్త్రీ ఊళ్ళో ఏదో పెళ్ళికని వెళ్ళిన వారం, ఆ గుజరాతీ ఫిట్టర్‌ను పిలిపించాను. కుంపటి వెనక భాగంలో కంపెనీవాళ్ళే ఒక రంధ్రం వదిలి, బిళ్ళ వేసి బిగించి ఉంచారు. వెల్డింగ్ దుకాణంలో ఒక పొట్టి గొట్టం చేయించి అక్కడ బిగించాం. కొత్త రాడ్‌ను ఆ గొట్టంలో పెట్టాం. ఇంతకుముందు రాడ్ కొస కుంపట్లోకి పొడుచుకొచ్చి నిప్పుల్లో కాలేది. ఈసారి గోరంత లోపలికి లాగి బిగించాం. గాలి ఆ గొట్టంలో రాడ్ చుట్టూ తిరిగి, బాగా కాగి వస్తుంది కాబట్టి గుళికలు ఇదివరకటి కంటే తొందరగా అంటుకున్నాయి. తీగల ముడులు పైకి వచ్చేలా పెట్టి, మీద రేకు టోపీ వేశాం. వెనక గోడ వైపు, చీకట్లో, పొడిగా. ఫిట్టర్ బోల్టులు పట్టుకున్నాడు. ఎంత లోపలికి లాగాలో ఒకటికి రెండుసార్లు పెట్టి చూసి చెప్పింది నేనే.

ఇక ముందు భాగంలో రంధ్రం మిగిలింది. చచ్చిన రాడ్లలో మంచిగా కనిపించేదాన్ని ఏరి, చింతపండుతో తోమి, తీగలు లేకుండా అక్కడ బిగించాను. పసుపు రాసి కుంకుమ కూడా పెట్టాను.

మేస్త్రీ వచ్చాడు. చూశాడు. కాయ తెమ్మన్నాడు. చచ్చిన రాడ్ మీద కొట్టాడు. స్విచ్ వేశాను. భట్టీ అంటుకుంది. మర్నాడు అంటుకుంది. ఆ వారం, ఆ నెల, ఆ ఏడు, ఆ తరువాత. అతను తినడానికి వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు: "మనసు పెట్టి కొడితే గిట్లుంటది. కంపెనోడే పరేషాన్ అయిండు." అమావాస్య అమావాస్యకు ఒక కాయ. ఆల్థాన్‌లో మెస్సు నడిపే ఒకతను చూడడానికి కూడా వచ్చి, దండం పెట్టుకుని పోయాడు. నేను కూర కలుపుతూ ముఖం అటు తిప్పుకునేదాన్ని. ఈ భూమి మీద నాకు మేస్త్రీ మీద ఉన్న గెలుపు అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. లోపల దాచుకుని, కోపం వచ్చినప్పుడల్లా తీసి చూసుకునేదాన్ని.

ఆ రోజుల్లో కొత్త చాదస్తాలు మొదలయ్యాయి అతనికి. కాయ కొట్టేటప్పుడు నీళ్ళు కింద పడకుండా గిన్నెలో పట్టేవాడు, తీర్థం వృథా కావద్దట. పిసినారి అనుకున్నాను. భట్టీ వెనక ఎవరైనా తడి బిందె పెడితే ఇంతెత్తున లేచేవాడు. "ఎనక ఏమీ పెట్టద్దని వంటామెకు చెప్పు." అక్కడ నేను ఏనాడూ ఏదీ పెట్టలేదు. పెట్టనిదానికి కూడా పడాల్సి వచ్చిందని మండిపడేదాన్ని. వానాకాలంలో భుజం మీద తువ్వాలుతో వెనక గోడ తుడుచుకుంటూ కూర్చునేవాడు. ముసలితనం అనుకున్నాను.

అతను పోయిన తరువాత, ఒక పొద్దున, వంట మొదలుపెట్టక ముందే అతని కొడుకు మెస్సుకు వచ్చాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు. మెస్సు లెక్కంతా కొన్నాళ్ళుగా అతనే చూస్తున్నాడు కానీ వంటగదిలోకి ఎప్పుడూ రాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"అక్కా, ఏక్ పరేషానీ అయింది," అన్నాడు. "పిట్టకు పెట్టినం. బాపుకు ఇష్టమైనయి అన్నీ పెట్టినం. మటన్, కల్లు, చాయ్ కూడా సాసర్ల. పిట్ట ముడ్తలేదు. ఎంతసేపు చూసినా రాలే. మళ్ళ పెట్టినం, మళ్ళ రాలే. ఏదో కోరిక మిగిలిందని పెద్దోళ్ళు అంటున్నరు."

పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయిందని మా నమ్మకం. నేను గరిటెలు తుడుస్తూ విన్నాను. లచ్చవ్వ కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

"ఆఖరుకు యాదికొచ్చింది," అన్నాడు. "బాపు మంచం పట్టినప్పుడు ఒకటే మాట అన్నడు. భట్టీ ముందట కుంకుమ రాడ్ ఉంది గదా, నేను పోయినంక అది నా దగ్గర పెట్టుండ్రి అని. తీస్తే భట్టీ బంద్ అయితది కదా బాపు అన్న. కాదురా, ముందటిది ఉత్తదే, అసలుది ఎనక బిగించింది, అన్నడు. నిజమేనా అక్కా?"

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని కింద పెట్టాను.

"ఇంకేమన్నడు?"

అతను కొంచెం తటపటాయించాడు. "నాకు తెల్సని వంటామెకు చెప్పద్దు, అన్నడు. సారీ అక్కా. చెప్పేసిన."

ఒళ్ళంతా మండిపోయింది. ఆ రోజు భట్టీ కన్నా ఎక్కువ మండింది. గిన్నెలో పట్టిన నీళ్ళు, వెనక పెట్టనీయని బిందెలు, తువ్వాలుతో తుడిచిన గోడ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. జీవితమంతా మిషన్లు విప్పి బిగించినవాడు. వెనక చెయ్యి పెట్టి ఒక్కసారి చూసుంటాడు, చాలు. కొబ్బరినీళ్ళే రాడ్లను చంపాయని, నేను చెప్పిందే నిజమని అతనికి తెలుసు. తెలిసి, పక్కనే కూర్చుని, నా పనికి కాపలా కాసి, ఉత్త రాడ్‌కు కాయలు కొట్టి, పేరు తను తీసుకున్నాడు. నేను ఇన్నాళ్ళూ దాచుకుని చూసుకున్న గెలుపు కూడా అతను తెలిసి వదిలేసిందే. కాపలా కాశాడు కదా, కరిగిపోవాలా నేను? నాకు గోడ తుడవడం అక్కర్లేదు. నాకు కావాల్సింది మాట.

"స్విచ్ సంగతి ఏమన్నా అన్నడా?" అని అడిగాను.

"ఏ స్విచ్చు అక్కా?"

నిజంగానే తెలియదు అతనికి. ముఖం చూస్తే తెలిసింది. చచ్చేముందు రాడ్ గురించి చెప్పడానికి నోరు వచ్చింది. నా చేతి గురించి రాలేదు.

చెప్పడానికి నేను నోరు తెరిచాను. కానీ నా నోటి మాట ఇక్కడ ఎప్పుడు చెల్లింది? నేను అతని ముఖం మీద నుంచి చూపు తిప్పి, కుళాయి వైపు చూశాను.

"లచ్చవ్వా," అన్నాను, "నా చెయ్యి కాలిన దినం బ్లోయర్ స్విచ్ ఎవలు ఏసిండ్రో ఈ పిలగానికి చెప్పు."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. లచ్చవ్వ కుళాయి కట్టేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. నేను కూడా ఆమె నేల చూస్తుందనే అనుకున్నాను. చూడలేదు.

"మీ బాపే ఏసిండు," అంది అతనితో. "ఆమె చెయ్యి లోపట్నే ఉంది. పొగ పోనియ్యుండ్రని చెప్పింది. ఇనలే. నేను సూసిన."

అతను నా చెయ్యి వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే, ఇప్పుడే చూసినట్టు చూశాడు. ఏదో అనబోయాడు. "వద్దు," అన్నాను. చెప్పాల్సినవాడు అతను కాదు.

పానా తీసుకుని ముందు రాడ్ విప్పాను. ఏళ్ళ కుంకుమ గట్టిపడి బోల్టుకు పట్టేసింది, బలంగా తిప్పితే గానీ రాలేదు. పిండం దగ్గర పెట్టుకోమని, కడగకుండానే పేపర్లో చుట్టి ఇచ్చాను. అతను రెండు చేతులతో తీసుకుని వెళ్ళిపోయాడు. నేను స్విచ్ వేశాను. భట్టీ అంటుకుంది.

పిట్ట ముట్టిందో లేదో నేను అడగలేదు.